మయసభలో మేటి ఆటగాడు

ఆటలో ఆరితేరినవాడు క్రొత్త రంగమున అడుగిడినప్పుడు వాని నేర్పు వానివెంట ఎంతదూరము వచ్చును? రచ్చబండమీద పులిజూదపు గీతలముందు కూర్చున్న పెద్దల కాలమునుండియు ఈ ప్రశ్న ఉన్నదే. నేడది వేరొక రూపమున ఇండ్లలోనికి వచ్చినది. ఫోను తెరమీద బొటనవ్రేళ్లతో యుద్ధములు గెలుచు యువకుడు, కన్నులకు పెట్టె కట్టుకొని ఆడు వర్చువల్ రియాలిటీ ఆటలోనికి దిగినచో అక్కడను మేటియే యగునా? లేక బడిలో చేరిన మొదటినాటి పిల్లవానివలె తడబడునా? ఆ పెట్టెను కొనిపెట్టుమని పోరు పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది వినోదపు ప్రశ్న మాత్రమే కాదు. డబ్బు, కన్నులు, ఒడలు, కాలము అను నాలుగింటితోను ముడిపడిన ప్రశ్న. కావున దీనిని కొంత విడమరచి చెప్పవలెనని మేము తలచితిమి.

మన ఇతిహాసమున ఇట్టి సన్నివేశ మొకటి కలదు. మయుడు పాండవులకు నిర్మించి యిచ్చిన సభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరనుకొని బట్టలు పైకి పట్టుకొనెను. నిజమైన కొలనును చూచి నేల యనుకొని అందులో పడెను. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ చిత్రమువలన ఈ ఘట్టము తెలుగువారికి మరింత చేరువైనది. దుర్యోధనుడు సామాన్యుడు కాడు. బలరామునియొద్ద గదావిద్య నేర్చినవాడు. అడుగెక్కడ వేయవలెనో, బరువు ఏ కాలిమీద నిలుపవలెనో వానికి తెలిసినంతగా తెలిసినవారు అరుదు. సభలో కాలు పెట్టగానే ఆ నేర్పు ఆవిరి కాలేదు. ఆ నేర్పునకు ఆధారమైన గుర్తులు మాత్రము మారిపోయినవి. కన్ను చెప్పినదానిని పాదము నమ్మినది; కన్ను తప్పు చెప్పినది. మన ఆటగానికి జరుగునదియు దాదాపు ఇట్టిదే.

మాయకు మన సీమలో పుట్టిల్లు

మాయను కల్పించి చూపుటలో కడప సీమకు పాతపేరే యున్నది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున ఒక పెండ్లి సందర్భమున కీచకవధ నాటకమాడిరి. వనారస గోవిందరావుగారి పేరుతో ముడిపడిన సురభి నాటక సమాజము అందుండి పుట్టినది. తెరలు, దీపములు, తీగలు, పొగ మొదలగు సామాన్య సాధనములతోనే ఆకాశగమనములను, అదృశ్యములను రంగస్థలముపై చూపి ప్రేక్షకులను అబ్బురపరచుట ఆ సమాజమువారికి వంశవిద్య. కమలాపురముమీదుగ పోవు రైలుమార్గముననే యున్న తాడిపత్రిలో జన్మించిన కె.వి.రెడ్డిగారు 1957లో తీసిన మాయాబజార్ చిత్రమున ప్రియదర్శిని అను పేటిక యొకటి కలదు. మూత తెరచి చూచినవారికి వారి మనసునకు ప్రియమైనది అందులో కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను.

అయితే నాటకమందును సినిమాయందును చూచువాడు తన చోటనే కూర్చుండును. శశిరేఖ సైతము ప్రియదర్శినిలోనికి తొంగిచూచినదే కాని అందులోనికి దిగలేదు. రేడియో నాటకము వినువాని సంగతి కొంత వేరు. తలుపు కిర్రుమనగానే తలుపును, చెప్పుల చప్పుడు వినగానే వరండాను శ్రోత తన మనసులో తానే కట్టుకొనును. అచ్చట మాయను అల్లువాడు సగము శ్రోతయే. వర్చువల్ రియాలిటీ ఈ మూడింటికిని ఒక్క విషయమున భిన్నమైనది. చూచువాడు తల త్రిప్పినచో లోకము దానికి తగినట్లు తిరుగును. చేయి చాచినచో ఆ లోకములోను ఒక చేయి చాపబడును. ప్రేక్షకుడు పాత్ర యగును.

పెట్టెలో ఏమున్నది?

ఈ పెట్టె నిర్మాణము దేవరహస్యము కాదు. పెద్దవారిలో రెండు కంటిపాపల నడుమ దూరము సగటున 63 మిల్లీమీటర్లు. ఆ దూరమువలన ఒకే వస్తువు రెండు కన్నులకు రవంత తేడాతో కనబడును. ఆ తేడానుండి మెదడు లోతును లెక్కకట్టును. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్ల శాస్త్రవేత్త స్టీరియోస్కోపు అను సాధనముతో ఈ సంగతిని నిరూపించెను. అద్దముల సాయమున ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ చూపగా, కాగితముమీది చదునైన గీతలు లేచి నిలిచినట్లు కనబడినవి. నేటి హెడ్‌సెట్టునకును మూలమిదియే. కంటికొక కటకము, దాని వెనుక చిన్న తెర, తెరమీద ఆ కంటికి తగిన బొమ్మ.

దీనికి ఈ కాలమువారు చేర్చినది కదలిక. పెట్టెలోని సూక్ష్మసాధనములు తల ఎంత తిరిగినదో, ఎంత వంగినదో సెకండునకు వందలసార్లు కొలుచును. వెలుపలివైపున అమర్చిన చిన్న కెమెరాలు గది గోడలను, మూలలను గమనించుచు ఆటగాడెక్కడ నిలిచియున్నాడో గుర్తించును. చేతులలో పట్టుకొనిన పిడులు ఎటు కదలినవో కూడ ఇట్లే తెలియును. ఈ సమాచార మందగానే యంత్రము క్రొత్త బొమ్మను గీయును. సినిమాకు సెకండునకు 24 బొమ్మలు చాలును. ఇందులో సాధారణముగ 72 మొదలు 120 వరకు కావలెను. తల తిరుగుటకును బొమ్మ మారుటకును నడుమ సెకండులో ఏబదియవ వంతు, అనగా 20 మిల్లీసెకండులకు మించి ఆలస్యము కారాదని నిర్మాతలు గురి పెట్టుకొనిరి. ఆలస్యము పెరిగినచో లోకమంతయు తల వెనుక ఈడ్చుకొని వచ్చుచున్నట్లు తోచి మాయ చెదరును.

ధ్వని మాటయు ఇట్టిదే. ఎడమవైపు శబ్దము ఎడమ చెవికి ముందుగను, కుడి చెవికి కొంత ఆలస్యముగను చేరును. ఆ వ్యవధి సెకండులో వేయింట ఒక వంతుకంటె తక్కువ. అయినను చీకటిలో పిలిచినవా డెటువైపున నున్నాడో మనము చెప్పగలము. పెట్టెలోని యంత్రము ఈ భేదమునుగూడ అనుకరించును. తల తిరిగినకొలది దానిని మార్చును. అందువలన వెనుకనుండి శత్రువు వచ్చుచున్నాడని ఆటగానికి కంటికంటె ముందు చెవియే చెప్పును.

ఇదంతయు ఒక్కనాడు పుట్టినది కాదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునతడు విమానము నడుపుట నేలమీదనే నేర్పు యంత్రమును తయారుచేసెను. తండ్రిగారి పియానో, ఆర్గను కర్మాగారములో పెరిగినవాడు కావున వాద్యములకు వాడు గాలితిత్తులతోనే ఆ యంత్రమును ఊగించెను. 1962లో మోర్టన్ హైలిగ్ బొమ్మ, ధ్వని, గాలి, వాసన అన్నియు కలిపిన సెన్సోరామా యంత్రమునకు పేటెంటు పొందెను. 1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకొను తెరను ప్రదర్శించెను. దాని బరువు మెడ మోయలేదు గనుక ఇంటికప్పునుండి వ్రేలాడదీయవలసివచ్చినది. అందు కనబడినది గీతలతో గీసిన బొమ్మలు మాత్రమే. 1995లో జపాను దేశపు నింటెండో కంపెనీ తెచ్చిన వర్చువల్ బాయ్ ఏడాదిలోపలనే అంగళ్లనుండి తొలగినది. 2012లో ఓక్యులస్ అను చిన్న సంస్థ ప్రజలనుండి విరాళముగ సొమ్ము కూర్చుకొని క్రొత్త నమూనాను మొదలుపెట్టగా, 2014లో ఫేస్‌బుక్ దానిని దాదాపు 200 కోట్ల డాలర్లకు కొనెను. 2019లో తీగలు లేని క్వెస్ట్ వచ్చిన తరువాత, ప్రక్కన పెద్ద కంప్యూటరు లేకున్నను ఇంటి నడిగదిలో ఆడుకొనుట సాధ్యమైనది.

కమలాపురమునుండి ఒక ఆటగాడు

ఇక ఆటగాని మాట. పాపఘ్ని పెన్నలో కలియు చోటికి చేరువనున్న కమలాపురములో ఒక యువకు డున్నాడనుకొందము. ఫోనులోని తుపాకియాటలలో వాడు చేయితిరిగినవాడు. ఊరిలో తోడివారెవ్వరును వానిని గెలువలేరు. బెంగుళూరులో ఉద్యోగము చేయు మేనమామ సెలవులకు వచ్చుచు హెడ్‌సెట్టు తెచ్చెననుకొందము. అందులో వాడు మొదట ఎంచుకొనినది బీట్ సేబర్. చెకోస్లొవాకియా రెండైన పిమ్మట చెక్ దేశమునకు రాజధానిగ నిలిచిన ప్రాగ్ నగరమునందలి చిన్న సంస్థ యొకటి 2018లో దీనిని విడుదల చేసినది. 2021 నాటికి ఒక్క క్వెస్ట్‌మీదనే ఈ ఆట 10 కోట్ల డాలర్లకు మించిన రాబడి తెచ్చినదని దాని యజమానులు ప్రకటించిరి.

ఆట చూచుటకు సులభమే. పాట మ్రోగుచుండును. తాళమునకు సరిగ ఎఱ్ఱని, నీలపు ఘనములు ఎదుటినుండి దూసుకొని వచ్చును. ఎడమచేతిలో ఎఱ్ఱని వెలుగు కత్తి, కుడిచేతిలో నీలపు కత్తి. ఏ రంగు ఘనమును ఆ రంగు కత్తితో, దానిపై నున్న బాణపు గుర్తు చూపిన దిక్కునకు నరకవలెను. నడుమ గోడలు వచ్చినచో వంగి తప్పుకొనవలెను, బాంబులను తాకరాదు.

మన యువకుడు మొదటి పాటలో దాదాపు అన్ని ఘనములను నరికెననుకొందము. అయినను లెక్క చూచుకొనగా మార్కులు తక్కువ! యంత్రము మోసము చేసినదని వాడు కేకలు వేయును. కాని నియమ మట్లున్నది. ఒక మామూలు ఘనమునకు అత్యధికముగ 115 మార్కులు. అందులో 70 ఘనమును తాకుటకు ముందు కత్తి ఎంత వెనుకనుండి తిరిగి వచ్చినదో దానికి. 30 నరికిన తరువాత ఎంత ముందుకు సాగినదో దానికి. ఘనమును నట్టనడుమ చీల్చినందుకు దక్కునవి 15 మాత్రమే. ఫోను ఆటలో ఏండ్లతరబడి వాడు నేర్చినది పొదుపు: వ్రేలు ఎంత తక్కువ కదలినచో అంత వేగము, అంత విజయము. ఆ పొదుపే ఇచ్చట లోపమైనది. వాడు మణికట్టుతో చటుక్కున గీరుచున్నాడు. ఆట భుజమునుండి విసరు అడుగుచున్నది.

ఇప్పుడు ఫోను ఆట లేవియు ఎరుగని చెల్లెలు వచ్చి పెట్టె తగిలించుకొనెననుకొందము. ఆమె తిరునాళ్లలో కోలాటము వేసిన పిల్ల. ఎదుటి జతగత్తె కోలను తాళము తప్పక తాకుట, చేయి చాచి వెనుకకు తీసికొనుట, అడుగు మార్చుట ఆమె ఒడలికి అలవాటు. కొన్ని ఘనములు తప్పినను, నరికిన ప్రతి ఘనమునకు నిండు మార్కులు తెచ్చుకొని అన్నను మించిపోవుట అసంభవము కాదు. కర్రసాము నేర్చినవానికిని ఇదే సౌకర్యము కలదు.

దీనికి కారణము మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఎప్పుడో చెప్పియున్నారు. 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అను ఇరువురు అమెరికా పండితులు, ఒక పనిలోని నేర్పు వేరొక పనికి ఎంతవరకు వచ్చునని పరిశోధించిరి. రెండు పనులలోను ఒకే రకమైన అంశములు ఎన్నియున్నవో అంతమేరకే నేర్పు ప్రసరించునని వారు తేల్చిరి. సంస్కృతము చదివినంతమాత్రమున గణితము రాదు. వీణ వాయించువానికి వ్రేళ్ల చురుకుదనము ఉండవచ్చును. అంతమాత్రమున వాడు మృదంగము వాయింపలేడు. తాళజ్ఞానము మాత్రము రెండింటికిని ఉపకరించును.

ఇదే న్యాయమును శస్త్రవైద్యమునందును చూడవచ్చును. చిన్న రంధ్రముద్వారా కెమెరాను, పనిముట్లను లోనికి పంపి చేయు లాపరోస్కోపీలో వైద్యుడు రోగి కడుపును కాక ఎదుటి చదునైన తెరను చూచుచు చేతులు కదపవలెను. వీడియో ఆటలోను జరుగునది ఇదియే. 2007లో అమెరికాలో 33 మంది శస్త్రవైద్యులపై ప్రకటితమైన పరిశీలనలో, మునుపు వారమునకు మూడు గంటలకు మించి వీడియో ఆటలాడినవారు అట్టి అభ్యాసములందు 37 శాతము తక్కువ తప్పులు చేసిరని, 27 శాతము వేగముగ ముగించిరని తేలినది. 2002లో యేల్ విశ్వవిద్యాలయమువారు కంప్యూటరు కల్పించిన శస్త్రచికిత్సలో తరిఫీదు పొందిన శిక్షణార్థులను పరీక్షింపగా, వారు నిజమైన పిత్తాశయ శస్త్రచికిత్సలో ఒక ఘట్టమును 29 శాతము వేగముగ, తక్కువ పొరపాట్లతో చేసిరి. సామ్యమున్నచోట నేర్పు వచ్చినది. అంతమాత్రమున ఆటలాడు ప్రతి పిల్లవాడును వైద్యుడగునని ఎవరును భ్రమపడరాదు.

మన యువకుడు తనవెంట లోనికి తీసికొనిపోవునదియు తక్కువ కాదు. వచ్చుచున్న ఘనములను రెండుమూడు ముందుగనే చదువుకొనుట, ఓడినప్పుడు కలవరపడక తప్పెక్కడనో వెదకుట, కఠినమైనదానిని నెమ్మదిగ సాధన చేసి పిమ్మట వేగము పెంచుట వానికి తెలియును. భుజము విసరుట నేర్చిన వెనుక ఈ గుణములే వానిని పైమెట్లకు చేర్చగలవు. మొదటి దినమున వానికి కలిగిన అవమానము నేర్పు లేమివలన కాదు. చేతి నేర్పు ఒడలి నేర్పుగ మారుటకు కావలసిన వ్యవధి చిక్కకపోవుటవలన.

తుపాకియాటలలోను ఇట్లే యగును. 2020లో వచ్చిన హాఫ్ లైఫ్ అలిక్స్ అను ఆటలో తూటాలు అయిపోయినప్పుడు ఒక మీట నొక్కిన చాలదు. భుజముమీదుగ వెనుకకు చేయి పోనిచ్చి తూటాల పెట్టెను తీయవలెను, తుపాకిలో దూర్చవలెను, మీద నున్న మరను లాగవలెను. అప్పటికి శత్రువు దగ్గరకు వచ్చుచుండును. ఫోనులో వంద యుద్ధములు గెలిచినవాని చేతులు అచ్చట వణకును. భయము కూడ ఒడలికే పుట్టుచున్నది.

కడుపులో త్రిప్పుట ఎందుకు?

ఆటగాడు నిలిచిన చోటనే నిలిచి ఆడు బీట్ సేబర్‌వంటి ఆటలలో బాధ తక్కువ. కాని చేతిపిడిమీది మీటను నెట్టి ఆ లోకములో పరుగెత్తునట్టి ఆటలు కొన్ని కలవు. ఇందు పలువురికి కొద్ది నిమిషములలోనే తల తిరుగును, చెమట పట్టును, వాంతి వచ్చునట్లుండును.

మన లోపలిచెవిలో మూడు అర్ధచంద్రాకారపు నాళములును, రెండు చిన్న సంచులును కలవు. నాళములు తల తిరుగుటను, సంచులు ముందువెనుకల కదలికను, భూమ్యాకర్షణను గుర్తించును. తిరునాళ్ల రంకులరాట్నము ఆగిన పిమ్మటను లోకము తిరుగుచున్నట్లు తోచుటకు కారణము నాళములలోని ద్రవము వెంటనే నిలువకపోవుటయే. కడపనుండి రాయచోటికి గువ్వలచెరువు ఘాటులో బస్సు మలుపులు తిరుగుచుండగా పుస్తకము చదువువానికి కడుపులో త్రిప్పును. చెవి కదలుచున్నామని చెప్పును. పుస్తకముమీది కన్ను కదలుట లేదని చెప్పును. పెట్టెలో దీనికి తలక్రిందులు. కన్ను పరుగెత్తుచున్నామనును, చెవి నిలిచియున్నామనును. సాక్షు లిరువురు రెండు విధముల చెప్పినప్పుడు మెదడు తికమకపడును. ఇదియే ఈ వికారమునకు శాస్త్రజ్ఞులు ఎక్కువగ చెప్పు కారణము.

ఇందు నేర్పరికి ప్రత్యేకమైన అపాయ మొకటి కలదు. ఓర్చుకొని ఆడుట వానికి అలవాటు. మొదటి వికారమును వాడు ఓటమిగ భావించి పంతముతో కొనసాగించును. పిమ్మట గంటలకొలది పడుకొనవలసివచ్చును. అరువది గడియలైనను ఫోను విడువని పట్టుదల ఇచ్చట పనికిరాదు. వికారము తోచిన తక్షణమే పెట్టె తీసివేయవలెను. కొద్దికొద్దిగ, దినము విడిచి దినము ఆడినచో పలువురికి అలవాటగును. పెట్టె తీసిన వెంటనే మోటారుసైకిలు ఎక్కరాదు. ఒడలు కుదుటపడువరకు ఆగవలెను.

నిజముగ సంపూర్ణమా?

ఈ ఆటలను ‘సంపూర్ణముగ ముంచివేయు’ ఆటలని ప్రకటనలు చెప్పుచున్నవి. కన్ను, చెవి మునుగుట నిజము. కాని చేతిలోని కత్తికి బరువు లేదు. ఘనమును నరికినప్పుడు పిడి రవంత కంపించును. దెబ్బ తగిలిన ఎదురుపోటు లేదు. గోడను ఆనుకొనబోయినచో పడిపోవుదుము. వాసన లేదు, రుచి లేదు. మెదడునకే తీగ తగిలించి లోకమంతటిని అనుభవింపజేయుట నేటికి నవలలలోను, జపాను బొమ్మల చిత్రములలోను మాత్రమే కలదు.

ఇంత కొరత యున్నను ఒడలు నమ్ముటయే ఆశ్చర్యము. 1998లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక చిన్న ప్రయోగము చేసిరి. మనిషి చేతిని తెరచాటున ఉంచి, ఎదుట రబ్బరు చేతిని పెట్టి, రెండింటిని ఒకేసారి కుంచెతో నిమిరిరి. కొంతసేపటికి ఆ మనిషికి రబ్బరు చేయి తనదే యని తోచినది. 2002లో నార్త్ కరొలినా విశ్వవిద్యాలయమువారు పెట్టెలో ఒక లోతైన గొయ్యిని చూపగా, అది లేదని ఎరిగినవారికి సైతము గుండె వేగము పెరిగినది. మనసు ఎరుగును, ఒడలు వినదు. ఈ గుణమునే వైద్యులు మేలునకు వాడుకొనుచున్నారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున కాలిన గాయములవారికి కట్లు మార్చునప్పుడు మంచులోకమును చూపు ఆటను పెట్టగా నొప్పి బాధ తగ్గినట్లు తెలిసినది.

నేర్పే చేవ్రాలు

తల్లిదండ్రులు ఎక్కువగ ఎరుగని సంగతి ఇంకొకటి కలదు. ఆటలో ఒడలు కదలినంతయు యంత్రము కొలుచునని పైన చెప్పితిమి. 2023లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మొదలగువారు బీట్ సేబర్ ఆడిన 50,000 మందికి పైబడినవారి తల, చేతుల కదలికలను పరిశీలించిరి. ఒక్క 100 సెకండుల కదలికను చూచి, ఆడినవా డెవడో 94 శాతము సందర్భములలో గుర్తింపగలిగిరి. పేరు అక్కరలేదు, ముఖము అక్కరలేదు. దూరమునుండి నడకను చూచి ‘వాడు ఫలానివాని కొడుకు’ అని మన పెద్దలు చెప్పుటయు ఇట్టిదే. కాని పెద్దలు ఆ మాట అరుగుమీద విడిచిపెట్టుదురు. యంత్రము వ్రాసి దాచుకొనగలదు. ఫోను ఆటలో నేర్పు వ్రేళ్లదైనచో, ఇచ్చట అది ఒడలి చేవ్రాలు. మారుపేరుతో ఆడినంతమాత్రమున మరుగుపడితిమని తలచుట పొరపాటు.

ఇంటివారికి కొన్ని మాటలు

ఇట్టి పెట్టె ఇంటికి వచ్చినచో గమనింపవలసినవి కొన్ని కలవు. ఆడుటకు నాలుగువైపుల రెండేసి మీటర్ల ఖాళీ స్థలము కావలెను. మంచము, బిందె, దీపపుసెమ్మె తొలగించవలెను. కప్పు ఎత్తు తక్కువైన ఇండ్లలో తిరుగుచున్న ఫంకాకు చేయి తగులు ప్రమాదము కలదు. కడప బండలు పరచిన నేలమీద చెమట కాళ్లతో జారకుండ క్రింద చాప గాని, చిన్న తివాచి గాని పరచుకొనుట మంచిది. పాదముల క్రింద తివాచి తగులుచున్నంతవరకు నడిమిచోటనే యున్నామని ఆటగానికి తెలియుచుండును. ఇది ఒడలికి మనమిచ్చు నిజమైన గుర్తు. చంటిపిల్లలను, పెంపుడు జంతువులను ఆ చెంతకు రానీయరాదు.

మన సీమ ఎండ సంగతి అందరును ఎరిగినదే. పెట్టెలోని కటకములమీద నేరుగ ఎండ పడినచో అవి భూతద్దములవలె పనిచేసి లోపలి తెరను కాల్చివేయును. కిటికీ ప్రక్కన విడిచి పోయిన పెట్టె కొద్ది నిమిషములలో పాడగును. కావున ఆడని వేళల సంచిలో ఉంచవలెను. వేసవి మధ్యాహ్నములలో ముఖమునకు కట్టుకొని గెంతుట ఒడలికిని, యంత్రమునకును వేడి. తెల్లవారుజామున గాని, చల్లబడిన పిమ్మట గాని ఆడవలెను.

కటకముల నడుమ దూరమును ఆడువాని కన్నులకు తగినట్లు సరిచేయుట మరువరాదు. తండ్రికి సరిచేసినది పిల్లవానికి సరిపోదు. అట్లే ఆడినచో తలనొప్పి వచ్చును. తెర కంటికి అంగుళముల దూరమున నున్నను కటకములవలన దూరముగ నున్నట్లు తోచును. అయినను దగ్గర వస్తువును చూచునప్పుడు కన్నులు సహజముగ చేయు సర్దుబాటు ఇందు కుదరక అలసట కలుగును. అందుచేత కొంతసేపటికొకసారి పెట్టె తీసి వెలుపలికి, దూరమునకు చూడవలెను. చిన్నపిల్లలకు ఇది తగదు. మెటా సంస్థ మొదట 13 ఏండ్లు నిండినవారికే యని నియమించి, 2023లో తల్లిదండ్రుల అదుపున 10 ఏండ్లవారికి సడలించినది. సడలింపు వ్యాపారికి లాభము కావచ్చును. నిర్ణయము మాత్రము ఇంటివారిదే. మూర్ఛ వ్యాధి యున్నవారు వైద్యుని అడుగక ముట్టుకొనరాదు.

చివరకు ఒక మాట. పెట్టె కట్టుకొని గాలిలో చేతులు విసరువానిని చూచి ఇంటిల్లిపాది నవ్వుట సహజము. వాడు తడబడినప్పుడు ఆ నవ్వు మరింత పెరుగును. దుర్యోధనుడు కొలనులో పడినప్పుడు వినబడిన నవ్వు ఎంతదూరము పోయినదో మనకు తెలియును. పదునారేండ్ల పిల్లవానికి తాను మేటినన్న గౌరవము ఒకే యొక ఆటవలన కలిగియుండవచ్చును. అదియు పోయెనని తోచినచో వాడు గది తలుపు మూసికొని రాత్రులెల్ల ఆడుటకు దిగును. అట్లు కాక, పెద్దలలో ఒకరు తామును ఆ పెట్టె నొకసారి తగిలించుకొని, తామును గోడకు చేయి తగిలించుకొని చూచినచో, వాడు ఎందుకు తడబడెనో వారికి తెలియును. కత్తి ఎట్లు విసరవలెనో వానినే అడిగి తెలిసికొనవచ్చును. నేర్పుటకు మించిన సాధన లేదని బడిలో ఉపాధ్యాయులు చెప్పుచుందురు. పెద్దలకు నేర్పుచు వాడును నేర్చుకొనును. ఎంతసేపు ఆడవలెనను మాట అటుపిమ్మట ఇరువురును కూర్చుండి నిర్ణయించుకొనుట సులభమగును.